ఆరడుగుల తొట్టి

పొద్దున్నే షెడ్డులో టార్పాలిన్ లాగేసరికి పాత పికప్‌కి వెనక తొట్టి లేదు.

టార్పాలిన్ అంచు పట్టుకున్న డ్రైవరమ్మ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ముందు క్యాబిన్ ఉంది. స్టీరింగు ఉంది. అద్దం మూల తను అంటించిన పసుపు స్టిక్కరు కూడా ఉంది. క్యాబిన్ వెనక మాత్రం తోలు ఒలిచినట్టు రెండు ఇనుప దూలాలు, వాటి మధ్య డీజిల్ ట్యాంకు, నల్లటి స్టెప్నీ. అంతే. తొట్టి ఉన్నట్టు పైకి కనిపించడానికి ఎవరో ఆ దూలాల మీద చెక్కలు అడ్డంగా నిలబెట్టి, వాటి మీద టార్పాలిన్ కప్పి పోయారు.

"నాన్నా!"

ఆ అరుపు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

మంచాలు చేసే ఆ షాపు మేస్త్రికి ఆమె పెద్దకూతురు. లైసెన్సు చేతికొచ్చిన నాటి నుంచి ఆ పికప్‌లో మంచాలు ఇళ్లకు చేరవేస్తున్నది ఆమే. పెట్టిన పేరు కన్నతల్లే మర్చిపోయింది. ఇంట్లో, వీధిలో, డీజిల్ బంకులో అందరికీ డ్రైవరమ్మే. మొన్నీమధ్య తమ్ముడు కొత్త పికప్ కొన్నాడు. ఇక పాతది ఎందుకన్నాడు. మేస్త్రి సరేనన్నాడు. దాన్ని తోలుకుపోవడానికి పాతబళ్ల వ్యాపారి ఇవాళ వస్తున్నాడు. అమ్మే రోజున బండికి కాస్త స్నానం చేయిద్దామని బకెట్టు పట్టుకొచ్చింది ఆమె.

తమ్ముడు బ్రష్షు నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. బ్రష్షు నోట్లోంచి జారి కింద పడింది.

"తొట్టేదీ?"

"నన్నడుగుతావేంట్రా? ఇప్పుడేగా చూశాను."

"తొట్టి పోవడమేంటక్కా! బ్యాటరీ పోతుంది, టైర్లు పోతాయి. ఇంత పెద్ద తొట్టిని ఎవడెత్తుకుపోతాడు? జేబులో పెట్టుకెళ్లాడా?"

వాడు వంగి చూశాడు. ఆమె కూడా వంగింది. బోల్టులు ఒక్కటీ విరగలేదు. అన్నీ విప్పి, నూనెగుడ్డతో తుడిచి, ఒక డబ్బా మూతలో పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క వరసగా పేర్చారు. వెనక లైట్ల వైర్లు కోయలేదు. ప్లగ్గులు పీకి చుట్టగా చుట్టి కట్టారు. డీజిల్ పోసే గొట్టం మూతిలోకి దుమ్ము పోకుండా ఉతికిన గుడ్డ కుక్కారు.

తమ్ముడు నిదానంగా లేచి నిలబడ్డాడు. అక్క మొహంలోకి చూశాడు.

"దొంగ ఇంత ముద్దుగా విప్పుతాడా?"

"అంటే?"

"అంటే ఏముంది? ఈ బండి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ల పని. మొన్న అన్నం తింటూ నువ్వేమన్నావు? ముక్కలు చేసి దాచేస్తాను గానీ అమ్మనివ్వనన్నావు. అన్నావా లేదా?"

"కోపంలో అన్నాన్రా! నిన్ను కూడా పప్పులో ఉడకేస్తానన్నాను. ఉడకేశానా?"

అమ్మ గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె వెనక మేస్త్రి వచ్చాడు. మోకాలి నొప్పితో గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ వచ్చాడు. బండి దగ్గరికి వచ్చి, తొట్టి ఉండాల్సిన చోట గాల్లో చెయ్యి పెట్టి, మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

అది చూసి డ్రైవరమ్మకు ఎక్కువ భయం వేసింది. ఎందుకంటే ఆ తొట్టి ఆయనకు తొట్టి మాత్రమే కాదు.

ఆ షాపులో మంచానికి కొలత ఆ తొట్టే. బండి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి మంచం పట్టె అందులో వేసి వెనక తలుపు మూస్తే, టక్కుమని సరిగ్గా పడిందట. ఆరడుగులు, ఆపైన అంగుళం. అప్పటి నుంచి మేస్త్రి టేపు పక్కన పడేశాడు. మంచానికి నిలువునా ఉండే పట్టె ఏదైనా తొట్టిలో వేస్తాడు, వెనక తలుపు ఎత్తుతాడు. టక్కుమందా, పట్టె సరి. అడ్డపట్టెలకూ కోళ్లకూ తొట్టి అంచు మీద ఆకురాయితో గాట్లు పెట్టుకున్నాడు. బయటివాళ్లు నవ్వేవారు. మంచాలు మాత్రం ఒక్కటీ వంక పెట్టడానికి లేకుండా వచ్చేవి.

వ్యాపారి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ ఆ ఇనుప దూలాల చుట్టూ శవజాగారం చేస్తున్నట్టు నిలబడి ఉన్నారు. ఆయన చూసి చంకలోని సంచి కింద పెట్టేశాడు.

"ఇదేంటి మేస్త్రి గారూ! మొన్న చూసినప్పుడు నిండుగా ఉందిగా?"

"పోయింది," అన్నాడు తమ్ముడు. "అలాగే తీసుకెళ్లండి. ఇంజను ఉంది, గేర్లు ఉన్నాయి."

"ఇంజను ఎవడికి కావాలయ్యా? ఈ బండిని అడిగేవాళ్లందరూ తొట్టి చూసే అడుగుతారు." వ్యాపారి పక్కనే మెరుస్తున్న కొత్త పికప్ వైపు గడ్డం ఎగరేశాడు. "అదిగో, మీ కొత్తది చూడండి. నలుగురు కూర్చోడానికి సోఫాలు, సామాను పెట్టుకోడానికి సబ్బుపెట్టె. పైగా దాని గోడలు ఛాతీ దాకా. అడుగున పడ్డ మేకు తీయాలంటే నిచ్చెన వెయ్యాలి. పాతదాంట్లో నేల మీద నిలబడి చెయ్యి పెడితే అడుగు అందుతుంది."

"ఆ అడుగున చిల్లులు కూడా అందుతాయి," తమ్ముడికి రోషం వచ్చింది. "వాన పడితే క్యాబిన్ కారి అక్క మోకాలి మీద కుళాయి. గుద్దుకుంటే కాపాడటానికి దాంట్లో ఏముంది? దేవుడి మీద భారం. నా బండికి ఎయిర్‌బ్యాగులున్నాయి, వెనక కెమెరా ఉంది, బ్రేకు మీద కాలు వేస్తే మనిషి మాట విన్నట్టు ఆగుతుంది. ఏమక్కా, అబద్ధమా?"

"కాదు," అంది డ్రైవరమ్మ. అబద్ధం కాదు మరి. కొత్తదాని ఏసీలో ఒకసారి కూర్చుంటే దిగబుద్ధి కాలేదు ఆమెకి. "కానీ పట్టెలు వేస్తే దాని వెనక తలుపు మూయలేం. తెరిచిపెట్టి, తాడు కట్టి, చివర ఎర్రగుడ్డ వేలాడదీసుకుని పోవాలి. మంచాల బండికి మంచం పట్టని తొట్టి ఏంట్రా?"

వ్యాపారి సంచి తీసుకున్నాడు. "మధ్యాహ్నం ఈ దారినే తిరిగొస్తాను. తొట్టి దొరికితే బేరం. దొరక్కపోతే ఇది బండి కాదు చెల్లెమ్మా, చక్రాలున్న కుర్చీ."

ఆయన వెళ్లాడు. అప్పుడు నోరు విప్పాడు మేస్త్రి.

"అమ్మాయ్. తాళాలు ఇలా ఇవ్వు."

డ్రైవరమ్మకి ముందు అర్థం కాలేదు.

"ఏ తాళాలు?"

"రెండు బళ్లవీ."

"నాన్నా, నేను తీశానని నువ్వూ..."

"తొట్టి దొరికేదాకా నువ్వు ఏ బండీ తోలొద్దు. దొరక్కపోతే ఇక ఎప్పుడూ తోలొద్దు." ఆయన ఆమె మొహం వైపు చూడలేదు. చూపు ఆమె భుజం పక్కగా ఎటో ఉంది.

చెంపదెబ్బ కొట్టినా అంత తగిలేది కాదు. తాళాలు తండ్రి అరచేతిలో పెడుతుంటే వేళ్లు విడిపోవడానికి ఒప్పుకోలేదు. పెళ్లి వద్దని, ఉద్యోగం వద్దని, ఈ సీటే తనదనుకుంది. ఇప్పుడు సీటు పోయింది. అంతకన్నా ఘోరం, సొంత తండ్రి కళ్లకు తను దొంగ.

అమ్మ సర్దబోయింది. "ఏమండీ, అది అలాంటి పిల్ల కాదండీ. నిన్న పొద్దుట్నుంచీ మాతోనే పెళ్లిలో ఉంది. ఇంట్లో మోకాలి నొప్పని పడుకున్నది మీరొక్కరే. మీకేమైనా చప్పుడు వినబడిందా?"

"నిద్రపోయాను," అన్నాడు మేస్త్రి, కొంచెం తొందరగానే.

"పెళ్లిలో మధ్యలో మాయమైంది కదమ్మా," అన్నాడు తమ్ముడు.

"టిఫిన్లు బాగాలేవని కారప్పూస కొనుక్కోడానికి వెళ్లాన్రా! దానికి కూడా సాక్షులు కావాలా?"

"సరే, నాకు టైము లేదు. నర్సుల హాస్టలు వాళ్ల మంచాలు రేపటికి కదా, ఇవాళే వేసేద్దాం. పాతది ఎలాగూ కుంటిదైపోయింది. రెండో తాళం నా దగ్గరుంది, నా బండి సత్తా వాళ్లకీ తెలుస్తుంది."

గోడ పట్టుకుని లోపలికి వెళ్లబోతున్న మేస్త్రి గిరుక్కున తిరిగాడు. "ఆ పట్టెలు వద్దు! కలప ఆరలేదు."

"ఆరింది, కొయ్యొచ్చన్నది నువ్వేగా నాన్నా?"

"ఇప్పుడు ఆరలేదంటున్నాను. వద్దంటే వద్దు."

ఆయన కలప ఆరబెట్టే గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ గదికి గడియ వేయడం డ్రైవరమ్మ ఎప్పుడూ చూడలేదు.

తమ్ముడు భుజాలు ఎగరేశాడు. "ముసలాయనకి మతి తప్పింది. హాస్టలు వాళ్లకి పొద్దునే ఫోన్ చేసి చెప్పేశాను కూడా. రా, ఒక చెయ్యి వెయ్యి. డ్రైవరుగా పనికిరావు గానీ కూలీగా పనికొస్తావుగా?"

"నీ నోట్లో మన్ను," అంటూనే వెళ్లింది. ఊరికే కూర్చుంటే ఏడుపొచ్చేలా ఉంది.

పట్టెలు గోడవార కట్టలుగా పడున్నాయి. కోళ్లు, తలాపి పలకలు వేరే మూలన ఉన్నాయి. హాస్టల్లోనే బిగించాలి కాబట్టి ఒక్క మంచం కూడా ఇక్కడ నిలబెట్టలేదు. వాళ్లిద్దరూ చెరో కొస పట్టుకుని మోశారు. కొత్తబండి గోడ ఎత్తు, ముక్కాలిపీట ఎక్కి పట్టెని పైకి లేపి లోపల పడేయాలి. నడుము పట్టేసింది. తమ్ముడు కూడా రొప్పుతున్నాడు, పైకి చెప్పలేదు.

చివరి కట్ట పడ్డాక వాడు తాడు, ఎర్రగుడ్డ తీయబోయి ఆగాడు. ఎందుకో వెనక తలుపు ఎత్తి చూశాడు.

టక్కుమంది.

మూసుకుంది.

"అక్కా!" వాడి మొహం వెలిగిపోయింది. "చూశావా? పట్టింది! మంచం పట్టని తొట్టి అన్నావుగా, చూడు, దాని కోసమే కొలిచి చేసినట్టు ఎలా పట్టిందో! ఇప్పుడేమంటావు?"

డ్రైవరమ్మ మూసుకున్న ఆ తలుపునే చూస్తోంది.

పట్టకూడదు. ఈ బండి వచ్చినప్పటి నుంచి ఏ పట్టె వేసినా బయటికి పొడుచుకొస్తూనే ఉంది. తొట్టి పెరగదు. అయితే...

పరిగెత్తి షెడ్డు మూల నుంచి పాత ఆర్డరులో మిగిలిన పట్టె ఒకటి లాక్కొచ్చింది. కొత్తబండి తలుపు దించి, లోపలి పట్టె ఒకటి కిందికి లాగి, రెంటినీ నేల మీద పక్కపక్కన పెట్టింది. ఒక చివర కాలితో సరిచేసింది. రెండో చివర చూసింది.

జానెడు తక్కువ. జానెడు పైనే తక్కువ.

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. ఇంకో పట్టె లాగాడు. మరొకటి. అన్నీ అంతే.

"ఇన్ని పట్టెలూ... అక్కా, వీటి మీద నర్సులెలా పడుకుంటారు? కాళ్లు కోసుకుని పడుకోవాలా?"

"ఇవి కోసింది ఎవరు?"

"నాన్నే. ఇంకెవరు కోస్తారు?"

"ఎప్పుడు?"

"నువ్వు పాతబండేసుకుని దూరం డెలివరీకి పోయావే, అప్పుడు. తొట్టి లేదుగా, కొత్తదాంట్లో వేసుకుని కొలుచుకున్నాడు. ఆ బండిలో తొట్టి అంతే ఉంటుందా అని అడిగాడు కూడా."

"నువ్వేం చెప్పావు?"

వాడు చేతిలోని పట్టె కింద పెట్టాడు. "అంతకంటే పెద్దదే అన్నాను. పెద్దదేగా అక్కా! పక్కన పెట్టి చూడు. ఎత్తు పెద్దది, వెడల్పు పెద్దది, చక్రాలు పెద్దవి..."

"ఆ పెద్దరికమంతా ముందు సీట్లకే అయిపోయింది. వెనక్కొచ్చేసరికి ఏం మిగల్లేదు." ఆమె ఆ పొట్టి పట్టె వైపే చూస్తోంది. "నువ్వు చెప్పావు సరే. మూడు గోడలవతల నుంచి చూసినా పట్టె వంకర చెప్పే మనిషికి జానెడు తేడా కనబడలేదా? ఒక్కసారి టేపు పెట్టి చూసుకోలేదా?"

అన్నాక తన మాటే తనకు గుచ్చుకుంది.

టేపు. అనుమానం వచ్చినప్పుడైనా నాన్న టేపు పట్టుకోగా ఈ మధ్య ఎప్పుడు చూసింది? మేకుల పొట్లం మీద సైజు చదవమంటాడు, అద్దాలు మర్చిపోయానంటాడు. ఫోన్ తెచ్చి ఎవరిదో చూడమంటాడు. గోడ పట్టుకుని నడుస్తాడు, మోకాలంటాడు. ఇందాక తాళాలడిగినప్పుడు చూపు భుజం పక్కగా పోయింది. కోపం అనుకుంది తను.

డబ్బా మూతలో వరసగా పేర్చిన బోల్టులు గుర్తొచ్చాయి. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క. నాన్న బల్ల మీద ఉలులు కూడా అలాగే ఉంటాయి. చూడక్కర్లేకుండా చేతికి అందేలా.

ఆమె తల పైకెత్తింది. దుంగలెత్తి షెడ్డు ఆ కొస నుంచి ఈ కొసకి జరిపే గొలుసు కప్పీ దూలానికి వేలాడుతోంది. నిన్నటిదాకా పాతబండి పక్కన ఉండేది. ఇప్పుడు అది కలప గది గుమ్మం ముందుంది.

"ఒరేయ్," అంది గొంతు తగ్గించి. "నాతో రా. మాట్లాడకు."

బల్ల సొరుగులోంచి ఇనుప టేపు తీసుకుంది. కలప గది తలుపు తట్టింది. చాలాసేపటికి గడియ తీశాడు మేస్త్రి. లోపల రంపపు పొట్టు వాసన గుప్పుమంది. ఆయన వెనక నడుము ఎత్తు చెక్కల దొంతర ఉంది. దానికి తన ఒళ్లు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"ఏంటి?"

"ఏం లేదు నాన్నా. ఈ పట్టె ఒకసారి చూడు." పొట్టి పట్టె చివర ఆయన చేతికి ఆనించి, టేపు లాగి మొహం దగ్గర పట్టుకుంది. పసుపు రంగు, నల్ల అంకెలు ఉన్న వైపు కాదు. వెనక వైపు. ఏమీ లేని బోడి ఇనుము. "ఎంత చూపిస్తోంది?"

మేస్త్రి కళ్లు చికిలించాడు. తల వెనక్కి తీసుకుని, ముందుకు తెచ్చి, చదివినట్టే చూశాడు.

"ఆరడుగులు," అన్నాడు. "ఆపైన అంగుళం."

తమ్ముడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డ్రైవరమ్మ చేతిలో టేపు సర్రున లోపలికి చుట్టుకుపోయింది. ఆ చప్పుడికి ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

ఆమె తండ్రిని మెల్లగా పక్కకి జరిపింది. దొంతర మీది చెక్క ఒకటి తీసింది. కింద వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, ఇనుప అంచు. వేలితో తడిమితే గాట్లు. ముక్కాలిపీటల మీద నిలబెట్టిన తొట్టిలో, కొత్తగా చిత్రిక పట్టిన కలప అప్పుడే ఒకటి పడుంది.

"నాన్నా," అంది.

మేస్త్రి ఆ ఇనుప అంచు పట్టుకుని, ఉన్నచోటే పీట మీద కూలబడ్డాడు.

"నేనే తీశాను. నిన్న మీరంతా పెళ్లికి పోయాక. దీన్ని వదులుకోవాలా వద్దా అని తేల్చుకోలేకే బోల్టులకి వారం నుంచి నూనె పడుతూనే ఉన్నాను, మీరెవరూ చూడలేదు. కప్పీ వేసి లేపి, నెట్టుకొచ్చాను. చీకటైనా వెలుతురైనా నాకు ఒకటేగా, చేతులతోనే విప్పాను. కళ్లు పోతున్నాయి తల్లీ. డాక్టరు దగ్గరికి నేనొక్కడినే వెళ్లొచ్చాను. అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు. మీకు చెబితే ఏం చేస్తారు? ప్రేమగానే రంపం లాక్కుంటారు. వరండాలో కుర్చీ వేసి కూర్చోబెడతారు. అందుకే చెప్పలేదు. ఈ తొట్టి ఉన్నంతకాలం నాకు కళ్లతో పనేముందిలే అనుకున్నాను. తలుపు టక్కుమంటే మంచం సరి.

"బండి అమ్ముదామని వీడంటే, వద్దంటే ఎందుకని అడుగుతారని సరేనన్నాను. కొత్తది పెద్దదన్నాడు, దాంట్లో వేసుకుని కోశాను. నా చెయ్యి చెప్పిందమ్మా, పొట్టిగా ఉందని మొదటి పట్టెకే చెప్పింది. అంత పెద్ద బండి తప్పవుతుందా, నా చెయ్యే ముసలిదైపోయిందనుకున్నాను. నిన్న అనుమానం తీరక ఇక్కడే ఒక మంచం బిగించి పడుకుని చూశాను. పాదాలు గాల్లో ఉన్నాయి. అలాగే పడుకుని ఏడ్చి, లేచి మంచం విప్పేశాను. మళ్లీ కోయాలంటే ఇది కావాలి, ఇదేమో పొద్దున వెళ్లిపోతోంది. అందుకే విప్పి దాచాను.

"నీ మీదికి వస్తుందని తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను, బండి కదిలితే ఆ పొట్టి పట్టెలు వెళ్లిపోతాయని తాళాలు కూడా లాక్కున్నాను. తాళాలడిగినప్పుడు నీ మొహం ఎలా పెట్టావో నాకు కనబడలేదు, తాళాలు వదలడానికి నీ వేళ్లకి ఎంతసేపు పట్టిందో తెలిసింది. అప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేదు. ఇంద, తీసుకో, రెండు బళ్లవీ ఉన్నాయి. ఆ పట్టెలు పాడుచేసింది నేనేనని హాస్టలు వాళ్లకి నా నోటితోనే చెబుతాను, నన్ను తీసుకెళ్లు. పాతదాంట్లోనే పోదాం, తొట్టి లేకపోతేనేం, కూర్చోడానికి క్యాబిన్ ఉందిగా. కొత్తదాంట్లో వద్దు తల్లీ. దాని మెట్టు ఎక్కడుందో నాకు కనబడదు."